అందరూ ఆరోగ్యంగా ఉన్నారు

మా అమ్మాయి కాలేజీలో ఏదో దళంలో చేరుతుందట. సరిహద్దుల్లో పనిచేసే జవాన్ల ఇళ్లకు వెళ్లి, ఇంట్లోవాళ్లకు ఆసుపత్రి పనులూ ఆఫీసు పనులూ చేసిపెట్టే విద్యార్థుల దళం. మొన్న ఆదివారం ఫోన్లో ఫారం తెరిచి నా ముందు పెట్టి, "అమ్మా, ఇక్కడ ఒక్కసారి నొక్కెయ్యి" అంది. ఇప్పుడు తల్లిదండ్రుల సమ్మతంటే అంతే, వేలితో ఒక నొక్కు. చూసి చెప్తానన్నాను. దానికి కోపం వచ్చింది. "నువ్వూ చేశావట కదా, తాతయ్య చెప్పారు. నాకెందుకు అడ్డం పడతావ్?" అని విసురుగా లోపలికి పోయింది. అడ్డం పడటం లేదు. అలాంటి దళంలో నేను ఒక్క చలికాలం పనిచేశాను. ఆ చలికాలం గురించి ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పకుండా నొక్కడానికి వేలు రాలేదు, అంతే.

అప్పట్లో మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్లం. నాన్నగారిది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య పైకప్పు దాకా బస్తాలు. మా బట్టలకూ పుస్తకాలకూ కొత్త పరికిణీకి కూడా ఉల్లిపాయ వాసన ఉండేది. ఏలూరు కాలేజీలో చేరిన మొదటి వారంలో నా పక్కనమ్మాయి ముక్కు ఎగబీల్చి, "ఎవరే బాక్సులో ఉల్లిపాయలు తెచ్చుకుంది?" అంటే, అందరితోపాటు నేనూ అమాయకంగా అటూ ఇటూ చూశాను. ఇంత ఉల్లిపాయల కొంపలోనూ మా అమ్మ శుక్ర, శనివారాలు ఉల్లి ముట్టేది కాదు. సాయంత్రం నాలుగు కొట్టేసరికి స్నానం చేసి, ముఖానికీ మెడకూ పాదాలకూ పసుపు రాసుకుని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని దీపం వెలిగించేది. ఇంటికొచ్చిన ఆడవాళ్ల ముఖాన పసుపు లేకపోతే "ఒంట్లో బాలేదా ఏమిటమ్మా?" అని అడిగేది. నాకు తెలిసిన ఆడవాళ్లందరూ అలాగే ఉండేవాళ్లు. లోకంలో ఆడవాళ్లందరూ అలాగే ఉంటారనుకునే వయసు నాది.

నాన్నగారు నన్ను రోజూ రైల్లో ఏలూరు పంపడానికి ఒకే ఒక్క షరతు పెట్టారు. దీపాలు పెట్టేవేళకు నేను ఇంట్లో ఉండాలి. ఆయన అరిచే మనిషి కాదు. కోపం వస్తే "అలాగేనమ్మా" అని ఊరుకునేవారు. ఆ "అలాగేనమ్మా"కి నేను భయపడినంతగా దేనికీ భయపడలేదు. పొద్దున్న పాసింజరెక్కితే భీమడోలులో నా నేస్తం ఎస్తేరు ఎక్కేది. ఆ చలికాలం మా పాసింజరును తరచూ మధ్యలో ఆపేసేవారు. పక్క లైన్లో గుడ్డలు కప్పిన మిలటరీ బళ్లతో స్పెషల్ రైలు పోయేది. తలుపుల దగ్గర మా వయసు కుర్రాళ్లే యూనిఫారాల్లో కూర్చుని చేతులు ఊపేవారు. యుద్ధం వస్తుందని కొందరు, రాదని కొందరు. పేపర్ల నిండా అదే గోల. బోగీలో అందరూ లేచి చేతులు ఊపేవాళ్లం.

అలాంటి రోజుల్లోనే ఎస్తేరు, నేను కాలేజీలోని జవాను కుటుంబాల సహాయ దళంలో చేరాం. దాన్ని నడిపేది మా ఫిజికల్ డైరెక్టరు. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు కనుక ఆయన పేరు అందరూ మర్చిపోయి సుబేదారు గారనే అనేవారు. మా తాడేపల్లిగూడెం పక్క ఊరి మనిషే. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, స్టీలు గ్లాసులో పాలు లేని టీ. మా పని ఏమిటంటే, జవాన్ల ఇళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం, ఫారాలు నింపడం. ఆ ఏడాది ఇంకొకటి వచ్చిపడింది. సరిహద్దులో సెలవులన్నీ రద్దయ్యాయి. ఇంట్లో ప్రాణం మీదికి వచ్చిందని రుజువైతే తప్ప ఎవర్నీ వదలడం లేదు. ఎవరైనా సెలవు అడిగితే, ఇంటి పరిస్థితి చూసి రాయమని కాగితం జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు వచ్చేది. వాళ్లకు మనుషులు చాలక సుబేదారు గారిని అడిగితే, ఆయన మమ్మల్ని పంపేవారు. మాకు ఆయన చెప్పింది రెండే ముక్కలు. "ఎందుకొచ్చారో వాళ్లకి చెప్పకండమ్మా. చెబితే లేని జబ్బులు పుట్టుకొస్తాయి. విన్నది రాయకండి, చూసింది రాయండి." ఒక్క రిపోర్టు సరిగ్గా రాస్తే బ్యాడ్జీ ఇస్తారు. రాగి రంగు బిళ్ల. దానికోసం నేను రాత్రులు కలలు కన్నానంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నాకు వచ్చిన మొదటి కాగితం కొల్లేట్లోని ఒక లంక ఊరిది. రాంబాబు అనే జవాను, భార్యకు బాగాలేదని సెలవు అడిగాడు. ఎస్తేరుకి ఆ రోజు పరీక్ష ఉంది. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. బస్సు గట్టు దాకానే పోతుంది. అక్కణ్ణించి దోనె. గుర్రపుడెక్కను తెడ్డుతో పక్కకు నెడుతూ పెద్దాయన నెమ్మదిగా తోస్తున్నాడు. చేపల చెరువుల్లో వేసే తవుడు వాసన, బురద వాసన. దిగేటప్పుడు ఆయన, "నాలుగింటికి ఇదే ఆఖరి దోనండీ. తప్పితే రేపు పొద్దున్నేనండి" అన్నాడు. అప్పటికి మూడుంపావు దాటింది. దోనె తప్పితే బస్సు తప్పుతుంది, బస్సు తప్పితే పాసింజరు తప్పుతుంది, పాసింజరు తప్పితే "అలాగేనమ్మా". ఆ ఊళ్లో ఉన్నంతసేపూ నా కళ్లు నా గడియారం మీదే ఉన్నాయి. ఇది నా సంజాయిషీ కాదు, జరిగింది చెప్తున్నాను.

ఇల్లు తాటాకుల కప్పు, ముందు చిన్న వసారా. అత్తగారు నన్ను చూసి కంగారుపడింది. కాలేజీ నుంచి వచ్చానంటే, "గవర్నమెంటు వారాండీ?" అంది. కాదనీ అవుననీ కాకుండా తల ఊపాను. నన్ను వసారాలో మంచం మీద కూర్చోబెట్టి, ఎవర్నో కొట్టుకి పంపి, కూల్‌డ్రింకు తెప్పించి, స్ట్రా వేసి చేతిలో పెట్టింది. "తాగండమ్మా, వేడెక్కిపోద్ది" అని నిలబడింది. లోపలేదో సర్దుతున్న చప్పుడైంది. పావుగంట పోయింది. ఆ పావుగంటా నేను కూల్‌డ్రింకు తాగుతూ, గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. తర్వాత లోపలికి పిలిచారు.

రాంబాబు గారి భార్య పేరు కుమారి. కుర్చీలో కూర్చుని ఉంది. పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు మడతలు తెలుస్తున్న గులాబీ రంగు చీర. తల నున్నగా దువ్వారు. చేతులు రెండూ కొంగు కింద ఉన్నాయి. ఆ చీకటి గదిలో ముఖం, మెడ పచ్చగా మెరుస్తున్నాయి. నాకు మా అమ్మ శుక్రవారం ముఖం గుర్తొచ్చింది. బొట్టు లేదు. స్నానం చేసి ఇంకా పెట్టుకోలేదు కాబోలనుకున్నాను. గోడకి క్యాలెండరు ఉంది, దాని మీద బొమ్మేమిటో చూడలేదు. ఏదో ఆకు నూరిన చేదు వాసన, ఒక మూల మూత పెట్టిన గ్లాసు. అవన్నీ నేను చూశాను. ఇప్పటికీ ఒక్కొక్కటీ చెప్పగలను.

"ఒంట్లో ఎలా ఉందండీ?" అన్నాను.

"బానే ఉందండీ" అంది కుమారి, కళ్లు ఎత్తకుండా.

"నీళ్లోసుకుందండీ, అయిదో నెల" అని అత్తగారు అందుకుంది. "కాత్త నీరసం. అంతేనండీ. మీరు వచ్చారు, మాకదే చాలండి."

ఇంకేం అడగాలో తెలియలేదు. ఆ అమ్మాయి నాకంటే రెండేళ్లు పెద్దదేమో. కొత్తింట్లో కొత్త మనిషిని పట్టుకుని మీకు జబ్బేమిటని గుచ్చి అడగడం మా ఇంట్లో నేర్పలేదు. నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయి. వస్తానండీ అని లేచాను. ఆమె కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. గర్భిణీ కదా అనుకున్నాను. దోనెలో, మోకాళ్ల మీదే ఫారం నింపాను. ఇంటి సభ్యుల ఆరోగ్యం అన్న గడిలో, ఇంగ్లీషులో, నాకు వచ్చిన మంచి అక్షరాలతో రాశాను: ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. పాసింజరు దొరికింది. అమ్మ దీపం పెడుతుండగా ఇంట్లో కాలు పెట్టాను. మర్నాడు సుబేదారు గారు చదివి, "నువ్వే చూశావామ్మా?" అన్నారు. చూశాను సార్ అన్నాను. ఆ వారంలోనే బిళ్ల నా ఓణీకి ఎక్కింది. కొట్టుకొచ్చిన వాళ్లకల్లా నాన్నగారు దాన్ని చూపించారు.

తొమ్మిదో పదో రోజున, రైల్లో ఎస్తేరుకి ఆ ఊరి ముచ్చట్లు చెప్తున్నాను. దోనె గురించి, స్ట్రా వేసిన కూల్‌డ్రింకు గురించి. "ఆ అమ్మాయి ముఖం నిండా పసుపు రాసుకుని ఎంత కళగా ఉందో" అన్నాను.

ఎస్తేరు ఊరూ పేరూ మళ్లీ అడిగింది. చెప్పాను.

"వాళ్లు మా చర్చివాళ్లే" అంది నెమ్మదిగా. "పండక్కి భీమడోలు వస్తారు. మేం ముఖానికి పసుపు రాసుకోం కదే. నువ్వు ఎప్పుడైనా నా ముఖాన చూశావా?"

ఏడాదిన్నరగా రోజూ నా ఎదురుగా కూర్చునే పిల్ల. చూడలేదు. అంటే, లేదని గమనించనే లేదు.

"మరి ఆ పచ్చదనం?" అన్నాను.

"కళ్లు చూశావా? కళ్లు పచ్చగా ఉన్నాయా?"

కళ్లు చూడలేదు. ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. ఏలూరులో దిగగానే సుబేదారు గారి దగ్గరికి పరిగెత్తాం. అయిదో నెల గర్భిణికి కామెర్లు ముదిరితే ఏమవుతుందో మా వీధిలో ఒకసారి చూశాను.

సుబేదారు గారు అంతా విన్నారు. తిట్టలేదు. ఫైలు తీసి ఒక కాగితం నా వైపు తిప్పారు. రాంబాబు గారి సెలవు మూడు రోజుల కిందటే కొట్టేశారు. కారణం దగ్గర నా రిపోర్టు నంబరు ఉంది. "ముందు పోయి చూడండి. ఆవిణ్ణి ఏలూరు తీసుకురండి. రెండో రిపోర్టు రాద్దాం" అని కాస్త ఆగారు. "రెండోది రాస్తే మొదటిది ఎవరు రాశారని అడుగుతారమ్మా. నీ పేరు పంపాలి." పంపండి సార్ అన్నాను. బిళ్ల తీసి టేబులు మీద పెట్టబోతే, "అది తర్వాత. దోనె తప్పిపోద్ది" అన్నారు.

ఈసారి ఎస్తేరూ నాతో వచ్చింది. కుమారి కుర్చీలో లేదు. చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. తలుపు తీసేసరికి వెలుతురు ఆమె కళ్లలో పడింది. అంత పసుపుపచ్చని కళ్లు నేను మళ్లీ చూడలేదు. ఎస్తేరు పలకరిస్తే ఎవరో పోల్చుకోలేకపోయింది. అత్తగారు గోడకు ఆనుకుని ఏడుస్తోంది. పసరు తాగిస్తున్నారట, మూడు వారాలుగా. కొడుక్కి కబురు పెట్టింది కుమారి అన్నగారట, సెలవు సంగతి ఈమెకు తెలియనే తెలియదట. "ఆ రోజు ఎందుకు చెప్పలేదండీ?" అని ఎస్తేరు అడిగింది. "మొదటిసారి గడప తొక్కిన ఆడపిల్లకి రోగం సంగతి ఏం చెప్తామమ్మా" అంది ఆమె. "గవర్నమెంటు వారన్నారు. ఇల్లు బాలేదని రాసేత్తే అబ్బాయి ఉజ్జోగం పోద్దని బయపడ్డాం. మంచి చీర కట్టి, ఇద్దరం పట్టుకుని కూకోబెట్టామండీ." నేను కూల్‌డ్రింకు తాగుతున్న ఆ పావుగంటా లోపల జరిగింది అదన్నమాట. ఎందుకొచ్చానో చెప్పకూడదన్న నియమం నేను తు.చ. తప్పకుండా పాటించాను. ఇంటి కష్టం కొత్తవాళ్లకు చెప్పకూడదన్న మర్యాద వాళ్లు పాటించారు. మధ్యలో ఆ పిల్ల నోరు విప్పకుండా కూర్చుంది.

మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసి దోనెకెక్కించారు. గట్టు మీద ఆటో మాట్లాడి ఏలూరు పెద్దాసుపత్రికి తెచ్చాం. డాక్టరమ్మ కళ్ల రెప్పలు విప్పి చూసి, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అంది. ఆ ప్రశ్న అందరినీ ఉద్దేశించి అడిగింది కానీ నాకే తగిలింది. ఆమె రాసిచ్చిన కాగితం పట్టుకుని ఫ్యాక్స్ ఉన్న ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. సుబేదారు గారు అప్పటికే అక్కడ ఉన్నారు. రెండో రిపోర్టు అక్కడి బల్ల మీదే రాశాను. లైను కలవదు. కలిసి తెగిపోతుంది. సగం కాగితం పోయి ఆగిపోతుంది. అయిదోసారికి మొత్తం వెళ్లింది. అప్పటికి పాసింజరు వెళ్లిపోయింది. కొట్టుకి ఫోన్ చేశాను. ఎక్కడున్నానో, ఎందుకున్నానో నాలుగు ముక్కల్లో చెప్పాను. నాన్నగారు "అలాగేనమ్మా" అంటారనుకున్నాను. "పని అయ్యేదాకా ఉండు. నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నారు. వచ్చారు. దారిలో ఒక్క మాట అడగలేదు. పాతికేళ్లు కావస్తోంది, ఇప్పటికీ అడగలేదు.

మూడో రోజున బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల అన్నారు. కుమారి బతుకుతుందో లేదో తెలియడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను క్లాసులు ఎగ్గొట్టి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. లోపలికి వెళ్లి ఆ అత్తగారి ముఖం చూడలేను, బయటికి పోలేను. ఎస్తేరు పక్కన కూర్చుని ప్రార్థన చేసుకునేది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ నేనూ మొక్కుకున్నాను. అయిదో రోజు పొద్దున్న ఆమె గంజి అడిగింది. మధ్యాహ్నానికి రాంబాబు గారు వచ్చారు.

ఇప్పుడైతే కుమారి ఫోన్ తీసి ముఖం చూపిస్తే, ఆయన అక్కణ్ణించే కళ్లు చూసి ఉండేవాడు. అప్పుడు ఆయన తరఫున ఆ ఇంటికి వెళ్లి చూసే కళ్లు నావి. మూడు రాత్రులు రైళ్లలో నిలబడి వచ్చినట్టున్నాడు, కాళ్లు వాచిపోయాయి. ఒళ్లంతా ఎర్ర దుమ్ము. సన్నటి మనిషి. భార్య దగ్గర చాలాసేపు కూర్చుని, తర్వాత వరండాలోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఎవరు చెప్పారో తెలియదు. నేను లేచి నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది, ఇది నిజంగానే అంటున్నాను. ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. నా మొదటి రిపోర్టు నకలు.

"ఇది తమరు రాసిందేనాండీ?" అన్నాడు.

"నేనేనండీ."

"ఇది చూపించి మా ఆఫీసరు గారు నేను అబద్ధం ఆడానన్నారండీ. ఇంటికి పోవడానికి పెళ్లాం మీద జబ్బు పెట్టానని రికార్డులో రాశారు. తర్వాత మీ రెండో కాగితం వచ్చింది, వదిలారు. రాసింది మాత్రం అలాగే ఉందండీ. తిరిగి వెళ్లాక అడుగుతారు." ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు. "నేను అబద్ధం ఆడలేదని తమరో ముక్క రాసిస్తే పట్టుకెళ్తానండీ."

బిడ్డ పోయిన మనిషి నన్ను అడిగింది అది. సంచిలోంచి కాగితం తీసి, వరండా గట్టు మీద పెట్టుకుని రాశాను. రాంబాబు గారు చెప్పింది ముమ్మాటికీ నిజమనీ, ఆయన భార్యకు అప్పటికే జబ్బు ముదిరి ఉందనీ రాశాను. దాని కింద ఇంకొక వాక్యం రాశాను. నేను సరిగ్గా చూడలేదు. సంతకం చేసి ఇచ్చాను. ఆయన నిదానంగా, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు.

"ఇదెందుకండీ" అన్నాడు. "నేను అబద్ధం ఆడలేదని ఉంటే చాలండి. ఇది రికార్డుల్లోకి పోద్ది. చదువుకునే పిల్లలు, రేపు మీ ఉద్యోగాలకి అడ్డొస్తుందేమో. కొట్టేయండమ్మా."

కాగితం నా చేతికి తిరిగిచ్చి, పెన్ను కూడా అందించాడు. ఎర్ర దుమ్ము పట్టిన ఆ చేతిని చూస్తూ నిలబడ్డాను. వద్దండీ, ఉండనివ్వండి అనాలి. నోట్లోకి వచ్చింది. కానీ నాకు పద్దెనిమిదేళ్లు, భయం, పైగా ఆయనే కొట్టేయమంటున్నాడు. కొట్టేశాను. ఒక్క గీత కాదు, కనపడకుండా నాలుగైదు గీతలు. ఆయన దండం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వాక్యం ఇన్నాళ్లకు మళ్లీ రాస్తున్నాను. ముందు మా అమ్మాయి చదువుతుంది, తర్వాత ఎవరైనా. నేను సరిగ్గా చూడలేదు.